ఫ్లెక్సీ కట్టకుండా క్యాంపస్‌లో ఆరోగ్యం పని మొదలుపెట్టడం ఎట్లా

జూన్ 21న, యోగా దినం నాడు, మా కాలేజీలో ఏం జరుగుతుందో చూడకుండానే చెప్పగలను. ముందురోజు సాయంత్రం గేటుకి ఫ్లెక్సీ, పొద్దున ఆరున్నరకల్లా రమ్మని పిల్లలకి మెసేజ్, ఎనిమిదింటికి ముఖ్య అతిథి రాక, అప్పటిదాకా గ్రౌండ్‌లో చాపల మీద కూర్చుని ఫోన్లు చూసుకునే పిల్లలు, తర్వాత ఇరవై నిమిషాల ఆసనాలు, నలభై నిమిషాల ఉపన్యాసాలు, శాలువా, ఫొటో, ఉప్మా. తొమ్మిదిన్నరకి ఎవరి క్లాసుకి వాళ్లు. యోగా మీద నాకేం కోపం లేదు, రోజూ చేసేవాళ్లకి మంచిదే. కానీ ఆ ఒక్కరోజు పెట్టిన ఖర్చుతో మిగతా 364 రోజులకి పనికొచ్చేది ఏదైనా చేయొచ్చు కదా అని చాలా ఏళ్లు అనుకుంటూనే ఉన్నాను, చేసింది మాత్రం ఏం లేదు.

నేను హనుమకొండలో పాఠాలు చెప్తాను. కొన్నేళ్లు పిల్లలతో సేవా పనులు చేయించే ఎన్‌ఎస్‌ఎస్ చూశాను, ఆ తర్వాత వెల్‌నెస్ కోఆర్డినేటర్ అని ఒక కాగితం చేతికిచ్చారు. డబ్బుల్లేవు, గది లేదు, కాగితం ఉంది. కాలేజీలకి, యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2023లో పిల్లల ఫిట్‌నెస్, ఆటలు, మానసిక క్షేమం గురించి మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది, దాంతో ఇప్పుడు అన్ని కాలేజీల్లోనూ ఎవరో ఒకరి చేతికి ఇట్లాంటి కాగితం వస్తోంది. మీ చేతికి కూడా వచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చుంటే, నేను చేసిన పనులూ చెడగొట్టిన పనులూ కింద రాస్తున్నాను.

మొదటి వారం ఏ ప్రోగ్రామూ పెట్టకండి

ఒక చిన్న నోట్‌బుక్ జేబులో వేసుకుని వారం రోజులు తిరగండి. పొద్దున బస్సులు దిగేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం బాక్సులు తెరిచేటప్పుడు ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక హాస్టల్ వైపు ఒకసారి. నీళ్లు ఎక్కడ తాగుతున్నారు, ఎవరు తినకుండా ఉంటున్నారు, క్లాసు లేనప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారు, ఏ లైటు వెలగట్లేదు, కుక్కలు ఏ మలుపులో పడుకుంటున్నాయి, ఇవన్నీ రాసుకోండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనీయండి.

మూడో రోజు వెనక బ్లాక్ ఊడ్చే అమ్మ నన్ను ఆపి, "ఏం రాస్తున్నవ్ సార్?" అంది. పిల్లల ఆరోగ్యం గురించమ్మా అన్నాను. "అయితే గా బాత్రూం గడియల సంగతి రాయి. ఆడపిల్లలు పొద్దుగూకేదాకా నీళ్లే తాగుతలేరు" అంది.

పోయి చూస్తే, అప్పుడు ఎవరూ లేకుండా ఆమెనే ముందు పంపి చూస్తే, నాలుగు బాత్రూముల్లో రెంటికి గడియ లేదు, ఒకదాంట్లో బల్బు లేదు, మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఏ ఒక్కదాంట్లోనూ నీళ్లు రావు, ఎందుకంటే మోటార్ పొద్దున ఒక్కసారే వేస్తారు. అందుకని పిల్లలు వెళ్లడం మానేశారు, వెళ్లాల్సి వస్తుందేమో అని నీళ్లు తాగడమే మానేశారు. తలనొప్పి అని సగం క్లాసులో లేచిపోయే పిల్లలు, నెలకోసారి మూత్రంలో మంట అని సెలవు చీటీ పెట్టే పిల్లలు, వాళ్లందరికీ నేను స్టేజీ ఎక్కి రోజూ మూడు లీటర్ల నీళ్లు తాగాలమ్మా అని చెప్పినవాణ్ణే. ఇన్నేళ్ల సర్వీసులో నాకు తెలియనిది ఆమెకి రోజూ తెలుసు, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

గడియలు, బల్బు, బకెట్లు, మగ్గులు, మూత ఉన్న చెత్తడబ్బాలు, ప్యాడ్లు చుట్టి పడేయడానికి ఒక మూల పాత పేపర్లు. అన్నీ కలిపి ఒక ఫ్లెక్సీ, నాలుగు శాలువాల ఖర్చు. కానీ ఒంటిగంటకి ఇంకోసారి మోటార్ వేయించడానికి మాత్రం నాకు మూడు వారాలు పట్టింది, ఎందుకంటే ఆ స్విచ్ ఉన్న గది తాళం ఒకరి దగ్గర, మోటార్ వేసే బాధ్యత ఇంకొకరిది, ఇద్దరికీ మాటల్లేవు. మీ దగ్గర కూడా ఇట్లాంటి ముడి ఒకటి ఉంటుంది. వెల్‌నెస్ పనిలో సగం టైం దాన్ని విప్పడానికే పోతుంది, ముందే తెలిస్తే చిరాకు తగ్గుతుంది.

అడగడం

నేను మొదట ఆన్‌లైన్ ఫారం పెట్టాను. పేరు, రోల్ నంబర్, బ్రాంచ్, తర్వాత "మీకు ఒత్తిడి ఉందా? ఎంత?" అని. అందరూ లేదు అని నొక్కారు. రోల్ నంబర్ అడిగి టెన్షన్ ఉందా అంటే ఎవరు చెప్తారు? రెండోసారి గేటు దగ్గర, మెస్ దగ్గర, లైబ్రరీ మెట్ల దగ్గర మూడు అట్టడబ్బాలు పెట్టి, పేరు లేకుండా చీటీలు వేయమన్నాం. మూడే ప్రశ్నలు: నిన్న పొద్దున ఏం తిన్నావు, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, ఈ క్యాంపస్‌లో నిన్ను రోజూ సతాయించే ఒక్క విషయం ఏంటి. తెలుగులో రాయొచ్చు, ఇంగ్లిష్‌లో రాయొచ్చు, తిట్టొచ్చు. చీటీలు చదివేటప్పుడు అక్కడ ప్రిన్సిపాల్ ఉండకూడదు. వాచ్‌మన్లకి, వంటవాళ్లకి, స్వీపర్లకి చీటీలు పెట్టకండి, పక్కన కూర్చుని అడగండి. ఫోన్‌లో రికార్డు చేయకండి, భయపడతారు.

కమిటీ వేయక తప్పదంటే వేయండి కానీ అందరూ ప్రొఫెసర్లే ఉన్న కమిటీ వేయకండి. మా దాంట్లో ఇప్పుడు హాస్టల్ నుంచి ఇద్దరు, పరకాల బస్సులో వచ్చే ఒక అమ్మాయి, మెస్‌లో వండే ఆయన, ఆఫీసు నుంచి ఒక జూనియర్ అసిస్టెంట్, ఒక ల్యాబ్ అటెండర్, పార్ట్‌టైం లెక్చరర్ ఒకరు, నేను ఉన్నాం. అరగంట మీటింగ్, నిలబడే. కూర్చుంటే గంటన్నర అవుతుంది, చాయ్ వస్తే రెండు గంటలు.

తిండి, ముఖ్యంగా పొద్దున తిండి

చీటీల్లో మొదటి ప్రశ్నకి ఎక్కువగా వచ్చిన జవాబు "ఏం లేదు". నర్సంపేట, ములుగు, జనగామ వైపు నుంచి వచ్చే పిల్లలు ఆరున్నరకే ఇల్లు వదులుతారు, అప్పటికి ఇంట్లో పొయ్యి వెలిగి ఉండదు. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకి బస్సు టికెట్ డబ్బులు అక్కర్లేదు, అది వాళ్ల చదువుకి పెద్ద సాయమే, కానీ ఆ బస్సులో నిలబడి వచ్చి మొదటి పీరియడ్‌లో కళ్లు తిరిగి పడితే దాన్ని మనం బద్ధకం అని రాసుకుంటున్నాం. హాస్టల్ పిల్లల కథ వేరు. మెస్‌లో టిఫిన్ పావుతక్కువ తొమ్మిదికి వస్తుంది, క్లాసు తొమ్మిదికి. పది నిమిషాల్లో మూడొందల మంది పూరీ తినలేరు.

కాబట్టి పోషకాహారం మీద లెక్చర్ పెట్టే ముందు గడియారం సంగతి చూడండి. వంటాయనతో మాట్లాడితే ఆయనకి గ్యాస్ బండ, ఇద్దరు మనుషులు, ఐదింటికి వచ్చే పాలు, ఇవన్నీ లెక్క ఉన్నాయి. పూరీ బదులు వారంలో మూడు రోజులు ఉప్మా, పులిహోర లాంటివి పెడితే ఏడుముప్పావుకే ఇవ్వగలను అన్నాడు. అది ఆయన మాట, అందుకే నిలబడింది. నేను ఆర్డర్ వేసి ఉంటే నాలుగు రోజులు నడిచేది.

క్యాంటీన్‌లో సమోసా నిషేధించకండి. నిషేధిస్తే గేటు బయట బండి దగ్గర తింటారు. గుడాలు (గుగ్గిళ్లు), ఉడకబెట్టిన గుడ్లు, పల్లీపట్టీ, అరటిపండు, ఇవి ముందు వరుసలో, చేతికందే చోట పెట్టించండి, సమోసాలు వెనక. మా క్యాంటీన్ అతను మొదట మొహం మాడ్చుకున్నాడు, "గుడాలు ఎవలు తింటరు సార్" అన్నాడు. ఉల్లిగడ్డ, నిమ్మకాయ, కొంచెం కారం వేసి పేపర్ పొట్లంలో ఇవ్వమంటే ఇచ్చాడు. ఇప్పుడు పదకొండింటికే అయిపోతున్నాయి. ఒక మాట, ఆ పొట్లం అచ్చు వేసిన న్యూస్‌పేపర్‌ది కాకూడదు, ఇంకు తిండికి అంటుతుంది, ఆకు దొప్పలు దొరికితే ఇంకా మంచిది. కొంచెం నిలదొక్కుకున్నాక ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఈట్ రైట్ క్యాంపస్ అనే సర్టిఫికెట్ ఉంది, దానికి అప్లై చేయొచ్చు. మెస్ శుభ్రత, వండేవాళ్ల వైద్య పరీక్షలు, అన్నీ ఒక పద్ధతిలో చూస్తారు కాబట్టి సర్టిఫికెట్ రాకపోయినా లాభమే.

రక్తహీనత సంగతి మర్చిపోకండి. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 కంటే, మగవాళ్లకి 13 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్ వాళ్లని అడిగితే వచ్చి పరీక్ష చేస్తారు, కానీ రిజల్ట్ కాగితం ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వండి, క్లాసు గ్రూపులో పెట్టే ఘనులు కూడా ఉన్నారు. తోటకూర, పాలకూర, పల్లీలు, గుడ్డు, మాంసం తినేవాళ్లు మాంసం, పైన నిమ్మకాయ. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, ఈ ఒక్కటి మా స్టాఫ్ రూంలో చెప్తే నా మీద యుద్ధానికి వచ్చారు. గంట ఆగి తాగమన్నాను అంతే, మానమనలేదు.

ఎండాకాలానికి వేరే లెక్క

వేరే ఊళ్లలో తయారుచేసిన వెల్‌నెస్ క్యాలెండర్లలో ఏప్రిల్, మే నెలల్లో మారథాన్లు ఉంటాయి. మన దగ్గర ఆ నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలు, రామగుండం వైపు అయితే ఇంకా పైకి పోతుంది, పైగా పరీక్షలూ అప్పుడే. మార్చి మొదటి వారంలోనే ఆటల టైం పొద్దున ఏడు లోపలికి, సాయంత్రం ఐదున్నర తర్వాతకి మార్చేయండి. కూలర్ పాడయ్యాక రిపేరుకి రాయడం కాదు, ఫిబ్రవరిలో రాయాలి. ప్రతి బ్లాక్ దగ్గర నీడలో ఒక రంజన్ (నీళ్ల మట్టికుండ) పెట్టి, దాన్ని ఎవరు నింపుతారో, ఎవరు కడుగుతారో పేరు రాసి గోడకి అంటించండి. పేరు లేని రంజన్‌లో పదిరోజుల్లో దోమపిల్లలు ఉంటాయి. మెస్‌లో జొన్న అంబలి, మజ్జిగ. పిల్లలు మొదట అంబలి అంటే ముసలోళ్ల తిండి అన్నారు, ఇప్పుడు గ్లాసులు పట్టుకుని లైన్ కడుతున్నారు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఉంచండి. ప్యాకెట్ లేకపోతే లీటర్ శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చిన్న టీ చెంచాతోనే, అంచుకి సమానంగా తలకొట్టి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తాగాలి. ఎవరైనా ఎండలో పడిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ: వెంటనే 108కి ఫోన్, నీడకి మార్చడం, బట్టలు వదులు చేయడం, ఒంటి మీద నీళ్లు పోసి విసరడం. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇది సెక్యూరిటీ వాళ్లకీ, మొక్కల పని చేసేవాళ్లకీ ముందు నేర్పండి, ఎండలో పన్నెండు గంటలు ఉండేది వాళ్లే.

నడక

పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు కొంచెం చెమట పట్టే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే ఐదు రోజులు, అరగంట చొప్పున. జిమ్ కోసం ప్రపోజల్ రాయకండి, రెండేళ్లు ఫైలు తిరుగుతుంది. ఒక టైం, ఒక చెట్టు, అంతే కావాలి. పొద్దున ఆరుంపావుకి ఫలానా చింతచెట్టు కింద ఎవరుంటే వాళ్లు, ఎంతమంది ఉంటే అంతమంది. మొదటి వారం నేను ఒక్కణ్ణే నడిచాను, రెండో వారం మా అటెండర్ వచ్చాడు, షుగర్ అని డాక్టర్ తిట్టాడట. ఇప్పుడు పద్నాలుగు మంది. ఆదివారాలు భద్రకాళి చెరువు కట్ట మీదికో, ఖిలా వరంగల్‌కో పోతాం. ఖిలాలో నడక కంటే ఫొటోలే ఎక్కువ అవుతాయి, ఫర్వాలేదు.

బతుకమ్మని ఎవరూ వ్యాయామం కింద రాయరు గానీ, ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతూ గంటసేపు తిరగడం ఏ డ్యాన్స్ క్లాసుకి తక్కువ? క్యాంపస్‌లో ఒకరోజు పెట్టి, పెద్ద స్పీకర్లు పెట్టి, ఫొటోగ్రాఫర్‌ని పిలిచి ముగించే బదులు సెలవులు ఇచ్చేదాకా రోజూ సాయంత్రం అరగంట వదిలేయండి. ప్రొఫెసర్ మేడం, హాస్టల్ పిల్ల, బాత్రూం కడిగే అమ్మ ఒకే వరుసలో చేతులు కలిపే సందర్భం ఏడాది మొత్తంలో నాకు ఇంకోటి కనబడలేదు. గడియల సంగతి చెప్పిన ఆ అమ్మే పాట ఎత్తుకుంటుంది, మేడంలకి రెండో చరణం దాటితే రాదు.

మనసు సంగతి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన తీర్పు విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కి వెళ్లిన ఒక అమ్మాయి మరణానికి సంబంధించిన కేసులోది. వంద మంది, అంతకంటే ఎక్కువ మంది పిల్లలున్న విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్‌నో సైకాలజిస్ట్‌నో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టాలని, చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని, స్టాఫ్ అందరికీ ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో క్లాసుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని అందులో ఉంది. మేనేజ్‌మెంట్ డబ్బుల్లేవంటే ఈ తీర్పు కాపీ తీసి టేబుల్ మీద పెట్టండి, నేను అదే చేశాను.

మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబర్ 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది, డబ్బులు పడవు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడతారు. దీన్ని నోటీసు బోర్డు మీద అంటిస్తే ఎవరూ చూడరు. హాల్ టికెట్ వెనక, హాస్టల్ గది తలుపు లోపలి వైపు, బాత్రూం అద్దం పక్కన, ఐడీ కార్డు వెనక అచ్చు వేయించండి, అంటే మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు కంటపడే చోట.

గది విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. కౌన్సిలింగ్ సెంటర్ అని పెద్ద బోర్డుతో ప్రిన్సిపాల్ చాంబర్ పక్కనే గది ఇచ్చారు, నేను సంతోషంగా తీసుకున్నాను. రెండు నెలలు ఒక్కరూ రాలేదు, కౌన్సిలర్ మేడం పుస్తకాలు చదువుకుని వెళ్లిపోయేది. ఎందుకు రావట్లేదని ఒక పిల్లాణ్ణి అడిగితే, "అటు పోతే ఏదో కేసు అయిందనుకుంటరు సార్" అన్నాడు. అప్పుడు లైబ్రరీ వెనక జిరాక్స్ గది పక్కకి మార్చాం, బోర్డు తీసేశాం. జిరాక్స్‌కి పోతున్నట్టే పోవచ్చు, ఎవరికీ తెలియదు. ఆ వారంలోనే ముగ్గురు వచ్చారు.

లెక్చరర్లకి నేర్పాల్సింది పెద్ద సైకాలజీ ఏం కాదు, అడగడం నేర్పాలి. మనవాళ్లకి నోటికొచ్చేవి మూడు: ఇంత చిన్నదానికే ఏడుస్తావా, మీ అమ్మానాన్నల మొహం చూసి చదువు, మా రోజుల్లో కరెంటే లేదు తెలుసా. ఈ మూడూ మానేస్తే సగం పని అయినట్టే. దాని బదులు చూసింది చూసినట్టు చెప్పండి: "రెండు వారాల నుంచి వెనక బెంచీలో కూర్చుంటున్నవ్, ల్యాబ్‌కి రాలేదు, ఎట్లున్నవ్?" మొదటి జవాబు ఎప్పుడూ "ఏం లేదు సార్" అనే వస్తుంది. దానికి తలూపి వెళ్లిపోకండి. క్యాంటీన్ దాకా పోదాం పా అని పక్కన నడవండి, ఎదురెదురు కుర్చీల్లో రాని మాట పక్కపక్కన నడుస్తుంటే వస్తుంది.

ఒక్కసారిగా నిద్ర, తిండి మారిపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నేను లేకపోతే అందరికీ హాయి లాంటి మాటలు, స్నేహితులకి వీడ్కోలు చెప్తున్నట్టు మెసేజ్‌లు, ఇవి కనబడితే సూటిగా అడగాలి: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని భయపడతాం, అట్లా పుట్టదు, ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది. అవును అంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, హాని చేసుకోగల వస్తువులేవీ చేతికందే చోట ఉంచొద్దు, కౌన్సిలర్‌కి ఫోన్ చేయాలి, వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్ దగ్గరికి మనమే తోడు వెళ్లాలి. ఎవరికీ చెప్పను అని ఒట్టు వేయకండి. "నీ ప్రాణానికి అవసరమైన ఇద్దరికి తప్ప ఇంకెవరికీ చెప్పను" అనండి, ఆ మాట నిలబెట్టుకోండి. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టే హాస్టళ్లు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి.

ఇంకొకటి. పిల్లల టెన్షన్లు అన్నీ మనసులో పుట్టవు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపితే, అటెండెన్స్ తగ్గిందని కండోనేషన్ ఫీజు కట్టమంటే, కట్టలేక హాల్ టికెట్ రాకపోతే, ఆ పిల్లకి శ్వాస లోపలికి తీసుకో, బయటికి వదులు అని చెప్పడం నాకైతే సిగ్గనిపించింది. మా కౌన్సిలర్ మేడం దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది సమస్య ఆఫీసు కౌంటర్ దగ్గర తీరేది. అందుకే ఆ జూనియర్ అసిస్టెంట్‌ని టీంలో పెట్టుకున్నాం. రిజల్ట్స్ వచ్చే రోజు మేము అంటించే కాగితం ఒకటుంది: ఫెయిలైతే రీవాల్యుయేషన్‌కి చివరి తేదీ ఏది, ఫీజెంత, సప్లిమెంటరీ ఎప్పుడు, ఎన్ని బ్యాక్‌లాగ్‌ల దాకా ఉంటే పై ఏడాదికి పోవచ్చు, ఎవరిని కలవాలి. రిజల్ట్ కన్నా ముందు ఇది అంటిస్తాం. ఆ రాత్రి జిరాక్స్ పక్క గది పదకొండు దాకా తెరిచి ఉంటుంది, హాస్టల్‌లో సీనియర్లు గది గదికీ తిరుగుతారు.

ఉట్నూరు, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే గోండు, కోయ పిల్లలూ, మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలూ మొదటి సెమిస్టర్‌లో నోరు తెరవరు. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, ఇక్కడ ఇంగ్లిష్. వాళ్ల వైపు సీనియర్‌ని ఒకరిని జత చేయండి చాలు. రెండేళ్లకోసారి మేడారం జాతరకి పోతామంటే అటెండెన్స్ లెక్కలు తీయకండి, ఊరంతా పోతుంటే హాస్టల్‌లో కూర్చునే పిల్లకి పాఠం ఎక్కదు.

స్టాఫ్

ఆరోగ్యం అనగానే పిల్లలు అనుకుంటాం. మా స్టాఫ్ రూంలో బీపీ మిషన్ పెట్టి వారం రోజులు చూస్తే, తమకి బీపీ ఉన్నట్టే తెలియనివాళ్లు నలుగురు తేలారు. చాయ్ తాగి మెట్లెక్కి వచ్చి వెంటనే చూసుకుంటే ఎక్కువే చూపిస్తుంది. ఐదు నిమిషాలు ఊరకే కూర్చుని, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. వేరే వేరే రోజుల్లో 140/90 గానీ దాటి గానీ వస్తుంటే డాక్టర్ దగ్గరికి పోవాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. ఈ మాట రెగ్యులర్ ప్రొఫెసర్ల కంటే ఔట్‌సోర్సింగ్ వాళ్లకి ముందు చెప్పండి, ప్రొఫెసర్లకి హెల్త్ కార్డులుంటాయి.

రాత్రి సెక్యూరిటీ ఆయనకి కూర్చోవడానికి వీపు ఉన్న కుర్చీ, దోమల బత్తి, ఫ్లాస్క్. రోజుకి ఐదు క్లాసులు చెప్పే పార్ట్‌టైం లెక్చరర్లకి గొంతు పోతుంది, పెద్ద హాల్‌కి ఒక చిన్న మైకు. వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి ఎనిమిది తర్వాత ఆఫీసు మెసేజ్‌లు పెట్టొద్దని ఒక రూల్ పెట్టాం, దాన్ని మొదట తప్పింది నేనే. జీతం మూడు నెలలు ఆగిన మనిషికి ఒత్తిడి జయించడం ఎలా అని వర్క్‌షాప్ పెట్టకండి. పెట్టి చూశాను. చివర్లో ప్రశ్నలుంటే అడగండి అంటే ఒకాయన లేచి, "జీతం ఎప్పుడొస్తది సార్?" అన్నాడు. స్పీకర్ పాపం హైదరాబాద్ నుంచి వచ్చాడు, నా వైపు చూశాడు.

మిగతావి

సిగరెట్ల సంగతి: విద్యాసంస్థకి వంద గజాల లోపల పొగాకు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. టేపు పట్టుకుని కొలిచి, డబ్బా అతనితో మర్యాదగా ముందు మనమే మాట్లాడితే చాలాసార్లు జరుగుతాడు. ర్యాగింగ్ నంబర్ 1800-180-5522, లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీలో ఎవరున్నారో పేర్లు, ఇవి గోడ మీద ఉండాలి. నిద్ర గురించి పిల్లలకి చెప్పి గెలవలేం, అర్ధరాత్రి కాజీపేట స్టేషన్ దగ్గర చాయ్ అనేది వాళ్లకి ఒక పండుగ. పరీక్షల వారంలో మాత్రం హాస్టల్‌లో రాత్రి పదకొండు తర్వాత ఒక అంతస్తు లైట్లు, గోల లేకుండా వదిలేయండి, పడుకునేవాళ్లు అక్కడికి పోతారు.

రిపోర్ట్ అడుగుతారు, ఎన్ని కార్యక్రమాలు, ఎంతమంది హాజరు అని. అది రాసివ్వండి, తప్పదు. మీ నోట్‌బుక్‌లో మాత్రం వేరే అంకెలు రాసుకోండి: మధ్యాహ్నం రెండింటికి ఎన్ని కుళాయిల్లో నీళ్లు వస్తున్నాయి, తొమ్మిదింటి క్లాసుకి తిని వచ్చినవాళ్లు ఎంతమంది, జిరాక్స్ పక్క గదికి ఈ నెల ఎంతమంది వచ్చారు. అంకె మాత్రమే, పేర్లు వద్దు.

మీకు ట్రాన్స్‌ఫర్ వస్తుంది, లేకపోతే ఆ కాగితం ఇంకొకరి చేతికి పోతుంది. అప్పుడు ఫైలు కాకుండా ఈ నోట్‌బుక్ ఇవ్వండి. మా దాంట్లో మొదటి పేజీలో మోటార్ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఆయన లేని రోజు ఎవరి దగ్గర, ఏ రంజన్ ఎవరు నింపుతారు, ఏ గడియ మళ్లీ ఊడింది, రాసి ఉంటుంది. నిన్ననే రెండో బాత్రూం గడియ ఊడింది. అమ్మ చెప్పింది.